కండక్టరు గారి పెనం

ఆ ఊళ్ళో ఏడో నంబరు బస్సుకి డ్రైవరూ కండక్టరూ ఆలుమగలు. డ్రైవరు పెళ్ళాం, కండక్టరు మొగుడు. కొత్తగా ఎక్కినవాళ్ళు ముందు నోరు నొక్కుకుని నవ్వుకునేవాళ్ళు, తరువాత అలవాటు పడిపోయేవాళ్ళు. ఇంట్లో పోట్లాట జరిగిన రోజున గంట గట్టిగా మోగుతుందనీ, సంధి కుదిరిన రోజున మలుపుల్లో బస్సు మెత్తగా తిరుగుతుందనీ రోజూ వచ్చేవాళ్ళు ఎప్పుడో కనిపెట్టేశారు. బస్సులో ఉన్నంతసేపూ ఆమె అతన్ని మీరు అంటుంది, ఇంటి గడప దాటి లోపలికి రాగానే నువ్వు అంటుంది. డ్యూటీ మర్యాద డ్యూటీదే, ఇంటి చనువు ఇంటిదే.

ఆ బస్సులో కండక్టరు తాడు లాగితే డ్రైవరు నెత్తిమీద గంట మోగుతుంది. ఒకసారి మోగితే ఆపమని. రెండుసార్లు మోగితే పోనిమ్మని. మూడుసార్లు మోగితే బండి నిండిపోయింది, ఇక దారిలో ఎవరు చెయ్యి ఊపినా ఆపొద్దని. మూడో గంట వినగానే డ్రైవరు అద్దంలోంచి వెనక్కి చూసి "నిండిందా?" అని అడగాలి. కండక్టరు "నిండింది, పోనీ" అనాలి. డిపోలో అందరూ పాటించే పద్ధతి అది. అందరూ అంటే, మన కండక్టరు తప్ప. సర్వీసులో చేరిన రోజు నుంచి ఇతను మూడో గంట కొట్టిన పాపాన పోలేదు.

స్టాపులో ఓ మనిషి చెయ్యి ఊపుతుంటే దాటుకుని వెళ్ళిపోవడం అతని వల్ల కాదు. "జరగండమ్మా, లోపలికి జరగండి, లోపల పెళ్ళి చేసేంత జాగా ఉంది" అని అరుస్తూ ఉన్నవాళ్ళని ముందుకు తోసి, ఎక్కలేనివాళ్ళని చెయ్యిపట్టి లాగి ఎక్కించేస్తాడు. మరీ ఇరుకైపోతే అద్దంలోంచి పెళ్ళానికి సైగ చేస్తాడు. ఆమె చిన్న బ్రేకు తొక్కుతుంది. బస్తాని ఓసారి కుదిపితే గింజలు సర్దుకున్నట్టు జనం సర్దుకుంటారు, ఇంకో ఇద్దరికి చోటొస్తుంది. వెనకాల బండి ఖాళీగా వస్తోందని ప్రతి కండక్టరూ చెప్పే అబద్ధం అతను ఒక్కసారి కూడా చెప్పలేదు. అందుకే ఏడో నంబరు ఎప్పుడూ ఆలస్యమే. అందుకే ఆ దారిలో వాళ్ళకి అతనంటే ప్రాణం కూడా. మనం మాత్రం ఏం తక్కువ తిన్నాం, మనల్ని ఎక్కించుకున్నవాడు మంచివాడు, మన తరువాత ఎక్కినవాడు దరిద్రుడు.

ఇప్పుడు ఆ బస్సుకి ఓ చిక్కొచ్చి పడింది. కొత్త డ్రైవర్లకి బండి నేర్పే బడి ఒకటి ఊరికి ఆ చివరన ఉంది. అందులో నేర్పడానికి డ్రైవరమ్మని రమ్మన్నారు. ఇలాంటి పిలుపు అడిగితే వచ్చేది కాదు. ఎక్కడా గీత పడకుండా బండి తిప్పినవాళ్ళని ఏరి మరీ పిలుస్తారు. ఆమె ఎన్నాళ్ళనుంచో లోలోపల అనుకుంటున్నదీ అదే. తీరా పిలుపొచ్చాక మాత్రం నీళ్ళు నములుతోంది. ఆ బడిలో చేరితే ఏడో నంబరు వదిలెయ్యాలి, తరగతులా సాయంత్రం పూట. ఆమె ఇల్లు చేరేసరికి భోజనాల వేళ అయిపోతుంది. ఇంట్లో వండిపెట్టే అమ్మ మొన్న తడి మెట్టు మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పినా ఆ చెయ్యి మునుపటిలా బరువెత్తదని డాక్టరు చెప్పేశాడు. కూతురు పిట్ట ఇంకా బడికెళ్ళే పిల్ల. మొగుడి సంగతా, గుడ్డు ఉడకబెట్టడం వరకూ వచ్చు. అదీ పగలకుండా ఉడికిన రోజు తక్కువ.

"నేను వండుతాను" అన్నాడు కండక్టరు వారం కిందట, రొమ్ము విరుచుకుని. డ్రైవరమ్మ నవ్వింది. ఆ నవ్వు అతనికి సూదిలా గుచ్చుకుంది. అలా మొదలైంది పందెం. రేపు పొద్దున డిపోలో ఆమె అవుననో కాదనో చెప్పెయ్యాలి. ఇవాళ సాయంత్రం బడి చూసి రావడానికి వెళుతోంది. తిరిగొచ్చేసరికి బల్లమీద భోజనం ఉండాలి. కొని తెచ్చింది కాకూడదు, అమ్మ సాయం అసలు ఉండకూడదు. తినేలా ఉంటే బడికి సరే అంటుంది. లేకపోతే ఏడో నంబరే నయం, ఆ మాట మళ్ళీ ఎత్తకూడదు. ఇవీ షరతులు. బయలుదేరేముందు తల్లికి ప్రత్యేకంగా చెప్పింది, ఒక్క మాట సాయం చేసినా లెక్కలోకి రాదని.

ఏం వండాలో పిట్ట ఎప్పుడో తేల్చేసింది. స్నేహితురాలి ఇంట్లో ఫహీటా తిని వచ్చిన దగ్గర నుంచి ఆ పిల్ల నోట మరో మాట లేదు. కోడిమాంసం, ఉల్లిపాయ, రంగురంగుల క్యాప్సికం పొడుగ్గా కోసి, కారం, జీలకర్ర పొడి, వెల్లుల్లి పట్టించి, బాగా కాలిన పెనం మీద వేయించి, నిమ్మకాయ పిండి, పల్చటి రొట్టెలో చుట్టుకుని తినడమే. పని చేసుకుని వచ్చినవాళ్ళు కూడా చిటికెలో చేసుకోవచ్చని పిట్ట ఫోనులో చూపించిన వీడియోలో వంటావిడ చెప్పింది. అన్నిటికన్నా కండక్టరుకి నచ్చింది ఒకే ఒక్క మాట. ఒకే పెనం. పదిరకాల గిన్నెలు లేవు, అటు ఉడుకుతుంటే ఇటు మాడడం లేదు. ఒక్క బండి, ఒక్క ట్రిప్పు. ఇది తన కోసమే పుట్టిన వంట అనుకున్నాడు.

డ్యూటీ దిగి, యూనిఫాం విప్పి, చేతులు కడుక్కుని వంటింట్లోకి వచ్చేసరికి అత్తగారు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. పెదవులు బిగించుకుంది. మాట్లాడకూడదని కూతురు చెప్పింది గానీ చూడకూడదని చెప్పలేదు కదా. దగ్గకూడదనీ చెప్పలేదు.

కోడి దుకాణం నుంచి కండక్టరు తెచ్చిన పొట్లం విప్పగానే మొదటి దగ్గు వినిపించింది. వీడియోలో నలుగురికని చెప్పిన మాంసానికి రెండింతలు తెచ్చాడు. భోజనాల వేళకి ఎవరైనా తలుపు తడితే? పక్కింటావిడ వస్తే? పిట్ట స్నేహితురాలు వస్తే? వచ్చినవాళ్ళకి చోటు లేదనడం అతని ఇంటా వంటా లేదు. క్యాప్సికం కూడా అలాగే తెచ్చాడు. ఎర్రవీ పచ్చవీ పసుపువీ బల్లనిండా దొర్లుతున్నాయి.

కోయడం బాగానే జరిగింది. చిల్లర ఇచ్చిచ్చి వేళ్ళు చురుగ్గా ఉన్నాయి. మాంసాన్ని వేలెడు ముక్కలుగా, క్యాప్సికాన్ని చీలికలుగా, ఉల్లిపాయని అర్ధచంద్రాల్లా కోసి గుట్టలు పెట్టాడు. ఉల్లిపాయ దగ్గర కాస్త ఏడ్చాడు. ఆ ఏడుపు ఉల్లిపాయ వల్లేనా అని అత్తగారు పరకాయించి చూసింది. అతను మొహం తిప్పేసుకున్నాడు.

నిజం చెప్పాలంటే ఆవిడ అనుమానం వట్టిది కాదు. పందెం వేసిన దగ్గర నుంచి కండక్టరు మనసు మనసులో లేదు. పెళ్ళాం బడికి వెళ్ళిపోతే ఏడో నంబరుకి వేరే డ్రైవరు వస్తాడు. ఇన్నేళ్ళూ తాడు లాగితే మోగింది ఆమె నెత్తిమీద గంట. అద్దంలో కనబడింది ఆమె కళ్ళు. ఎండాకాలం మధ్యాహ్నం బస్సు ఖాళీగా తిరిగే వేళల్లో ఆమె అద్దంలోంచే మాట్లాడేది, అతను వెనక సీటులో టికెట్లు సర్దుకుంటూ జవాబు చెప్పేవాడు. వాళ్ళ సంసారంలో సగం మాటలు ఆ అద్దంలోనే నడిచాయి. ఇప్పుడు ఆ అద్దంలో ఏ మీసాల మొహమో కనబడుతుంది. ఆమె మాత్రం వారం రోజులుగా అడుగుతూనే ఉంది, వెళ్ళనా వద్దా అని. అతను నీ ఇష్టం అంటూనే ఉన్నాడు. ఆ మాట చెప్పినంత తేలిక లోకంలో మరొకటి లేదు, వినేవాళ్ళకి దానంత బరువైనదీ లేదు.

పిట్ట ఫోను ఎత్తి పట్టుకుని వీడియోలో ఉన్నది చదివి చెబుతోంది. పెనం పొగలు వచ్చేదాకా కాలాలట. ముందు మాంసం కొంచెం కొంచెంగా వేసి, ఒకదానికొకటి తగలకుండా పరిచి, కదపకుండా వదిలెయ్యాలట. అది తీసి పక్కన పెట్టి, అదే పెనంలో తరువాత ఉల్లిపాయ, క్యాప్సికం వెయ్యాలట. చివర్న అన్నీ కలపాలట.

"అదేమిటి, ఒకే పెనం అన్నారుగా" అన్నాడు కండక్టరు.

"పెనం ఒకటే నాన్నా. వాయిలు వాయిలుగా వెయ్యాలి."

"ఒకే పెనం అన్నాక ఒకే ట్రిప్పు. మళ్ళీ దించడం, ఎక్కించడం, పక్కన నిలబెట్టడం ఎందుకు? పాపం అవి మాత్రం ఏం చేశాయి?"

అత్తగారు దగ్గింది. ఈసారి గట్టిగా. అమ్మమ్మా, ఆ దగ్గు సాయం కిందికి వస్తుందని పిట్ట హెచ్చరించింది. ఆ పిల్ల తల్లి పోలిక, రూలంటే రూలే. ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కండక్టరు పెనం పెట్టాడు, నూనె పోశాడు, కారాలు పట్టించిన మాంసం మొత్తం వేశాడు. పెనం ఓసారి చుయ్‌మంది. అంతే, ఆ మీద చప్పుడు లేదు. వెనకే ఉల్లిపాయలు ఎక్కాయి, వాటి వెనక క్యాప్సికాలు ఎక్కాయి. పెనం అంచులు దాటి గోపురంలా లేచింది. పైన ఉన్నవి కిందకి దిగడం లేదు, కింద ఉన్నవి ఊపిరాడక కొట్టుకుంటున్నాయి. "జరగండి, లోపలికి జరగండి" అంటూ గరిటెతో అంచులు తోశాడు. జాగా రాలేదు. అప్పుడు పెనం చెవులు రెండు చేతుల్తో పట్టుకుని చిన్న బ్రేకు కొట్టినట్టు ఓ కుదుపు కుదిపాడు. బస్సులో ఎన్నిసార్లు ఫలించిన ఉపాయమో అది. ఇక్కడ మాత్రం ఓ ఎర్ర క్యాప్సికం ముక్క గాల్లోకి లేచి అత్తగారి కట్టు మీద వాలింది. ఆవిడ దాన్ని రెండు వేళ్ళతో తీసి, చూసి, ఏమీ అనకుండా నోట్లో వేసుకుంది. పచ్చిగా ఉందన్న సంగతి మొహం చెప్పింది.

కాసేపటికి పెనంలోంచి నీళ్ళు ఊరడం మొదలైంది. మాంసం నీళ్ళు వదిలింది, ఉల్లిపాయ వదిలింది, క్యాప్సికం సరేసరి. ఎర్రగా వేగాల్సిన ముక్కలు పాలిపోయి, మునకలేస్తూ, బుడబుడమంటున్నాయి. వేపుడు కాస్తా పులుసయింది. వీడియోలో బంగారు రంగు ముక్కల్నీ పెనంలో బూడిదరంగు ముక్కల్నీ పిట్ట మార్చి మార్చి చూసింది. ఏడవలేదు గానీ ఫోను బల్లమీద బోర్లా పెట్టేసింది.

కండక్టరు గరిటె పట్టుకుని నిలబడిపోయాడు. బాధ పడాల్సిన సమయం. బాధపడ్డాడు కూడా, ఎందుకు పడడు. కానీ ఆ బాధ అడుగున ఇంకోటి మెల్లగా కదిలింది. మూత పెట్టేస్తే చాలు. ఏం చెయ్యక్కర్లేదు, ఎవరితోనూ ఏం చెప్పక్కర్లేదు. ఆమె వస్తుంది, మూత తీస్తుంది, నవ్వుతుంది. రేపు పొద్దున డిపోలో కాదని చెబుతుంది. ఎల్లుండి కూడా అద్దంలో ఆ కళ్ళే ఉంటాయి. ప్రయత్నించానే అని తను జీవితాంతం చెప్పుకోవచ్చు, వంట చేతకాని మొగుడని ఆమె వేళాకోళం చెయ్యవచ్చు. పాము చావదు, కర్ర విరగదు. అతని చెయ్యి మూత మీదకి వెళ్ళింది.

"అల్లుడుగారూ."

అత్తగారు నోరు విప్పింది. పిట్ట ఏదో అనబోయింది గానీ అమ్మమ్మ మొహం చూసి ఊరుకుంది.

"సాయం చెయ్యడం లేదు. ఒక్క మాట అడుగుతున్నాను. ఇది మీకు చేతకాక పాడైందా, పాడైతే బాగుండునని ఉందా?"

వేరెవరైనా అడిగితే కోపం తెచ్చుకునేవాడే. ఆవిడ ఈ ఇంట్లో ఇన్నేళ్ళుగా ఉంటూ అతన్ని పల్లెత్తు మాట అని ఎరగదు. కండక్టరు మూత మీద నుంచి చెయ్యి తీశాడు.

"చేతకాకే పాడైంది అత్తయ్యా. ఇప్పుడు బాగుచెయ్యాలో వద్దో తెలియడం లేదు."

ఆవిడ తల ఊపింది. అడగాల్సింది అడిగేసింది, మళ్ళీ పెదవులు బిగించుకుంది.

అప్పుడు కండక్టరుకి పొద్దుటి టీ గుర్తొచ్చింది. ఆఖరి స్టాపులో బస్సు తిప్పేముందు రోజూ ఇద్దరూ టీ తాగుతారు. ఇవాళ కూడా రెండు గ్లాసులు పట్టుకుని వచ్చాడు. చూస్తే డ్రైవరమ్మ తన సీటులో లేదు. పక్కన నిలిపిన బండిలో కొత్తగా చేరిన డ్రైవరు ఒకడు వెనక్కి తీయలేక తిప్పలు పడుతున్నాడు. ఈమె వాడి కిటికీ కింద నిలబడి, గాల్లో స్టీరింగు పట్టుకుని తిప్పుతూ, చెయ్యి కిందనుంచి ఎలా రావాలో చూపిస్తోంది. వాడు తప్పు తిప్పినప్పుడు కసరలేదు. మళ్ళీ మొదట్నుంచి చూపించింది. వాడు బండిని చక్కగా వెనక్కి పెట్టగానే, అది తన కొడుకే పెట్టినట్టు చుట్టూ ఎవరైనా చూశారా అని చూసుకుంది. టీ సంగతే మరచిపోయింది. ఆమె గ్లాసు చల్లారిపోతుంటే అతనే తాగేశాడు. బస్సు ఎక్కాక అద్దంలో ఆమె కళ్ళు చాలాసేపు మెరుస్తూనే ఉన్నాయి. ఆ మెరుపు తనని చూసి వచ్చింది కాదని అతనికి అప్పుడే తెలుసు.

"పిట్టా, ఆ ఫోను తియ్యమ్మా" అన్నాడు. "వాయిలు వాయిలుగా అన్నావే, అది మళ్ళీ చదువు."

పిట్ట ఎగిరి గంతేసినంత పని చేసి మళ్ళీ చదివింది. తగలకుండా పరచాలి. కదపకూడదు. కిక్కిరిస్తే వేగవు, ఉడుకుతాయి. ఆ చివరి మాట ఆ పిల్ల ఇందాక కూడా చదివిందట, నాన్నే వినిపించుకోలేదట.

కండక్టరు పొయ్యి ఆపాడు. చిల్లుల పళ్ళెం తెచ్చి పెనాన్ని దాంట్లోకి వంపాడు. "దిగండి, అందరూ దిగండి, బండి చెడిపోయింది." పులుసంతా కింద గిన్నెలోకి కారిపోయింది. మాంసం ఒక పళ్ళెంలోకి, కూరలు ఇంకో పళ్ళెంలోకి ఏరాడు. గుడ్డతో ముక్కల తడి అద్దాడు. పెనం తుడిచి మళ్ళీ పొయ్యి మీద పెట్టాడు. ఈసారి పొగలు లేచేదాకా ఆగాడు. నూనె చుక్క వేశాడు. ఒక్క గుప్పెడు మాంసం ముక్కలు తీసి, ఒకదానికొకటి తగలకుండా, ఎవరి సీటులో వాళ్ళని కూర్చోబెట్టినట్టు పరిచాడు.

పెనం చుయ్‌మంది. ఆగకుండా చుయ్‌మంటూనే ఉంది.

మధ్యలో బోలెడు ఖాళీ కనబడుతోంది. పళ్ళెంలో మిగిలిన ముక్కలు అతనివైపే చూస్తున్నాయి. ఇంకో నాలుగు ఇరికించవచ్చు. చెయ్యి దానంతట అదే పళ్ళెం మీదకి వెళ్ళింది. వెనక్కి తెచ్చుకున్నాడు. మళ్ళీ వెళ్ళింది. ఆఖరికి ఆ చేతిని రెండో చేత్తో పట్టుకున్నాడు. పళ్ళెంలో ఉన్నవాటితో, జీవితంలో మొట్టమొదటిసారి, "వెనకాల బండి వస్తోంది, ఖాళీగా వస్తోంది, దాంట్లో రండి" అన్నాడు. చెప్పాక చూసుకుంటే అది అబద్ధం కాదు. వెనకాల నిజంగానే వస్తోంది.

ముక్కలు తిరగేస్తే ఒక వైపు ఎర్రగా, అంచులు కాస్త నల్లగా తేలాయి. వంటింట్లో వాసన మారిపోయింది. జీలకర్రా వెల్లుల్లీ కాలిన అంచులూ కలిసిన ఆ వాసనకి పక్కింటి కిటికీ తెరుచుకుంది. మొదటి వాయి దిగింది, రెండో వాయి ఎక్కింది. మాంసం అయ్యాక ఉల్లిపాయలు, ఆ తరువాత క్యాప్సికాలు. ముందే నీళ్ళలో ఉడికాయి కాబట్టి అవి కాస్త మెత్తబడ్డ మాట నిజమే గానీ రంగు తేలాయి. పిట్ట రొట్టెలు వేడి చేసి గుడ్డలో చుట్టింది. అత్తగారు మంచి చేత్తో నిమ్మకాయని బల్లమీద దొర్లిస్తోంది. ఏమిటది అని మనవరాలు కళ్ళతోనే అడిగితే, ఆడుకుంటున్నాను అంది.

ఆఖరుకి ముందు వాయి వేగుతుండగా డ్రైవరమ్మ వచ్చింది. వచ్చిన సంగతి అతనికి తెలియదు. పెనం చప్పుడులో తాళం చప్పుడు వినబడలేదు. ఆమె గుమ్మంలో తల్లి కుర్చీ వెనకే నిలబడి చూసింది. మొగుడు గరిటె పట్టుకుని, పెనంలో ఖాళీ వైపు చూస్తూ, పళ్ళెంలో మిగిలిన నాలుగు ముక్కల్ని వెయ్యకుండా ఆగి ఉన్నాడు. బస్సులో ఇన్నేళ్ళూ వేడుకున్నా కసిరినా రాని బుద్ధి. ఆమె చేతులు కడుక్కుని బల్ల దగ్గర కూర్చుంది.

డ్రైవరమ్మ రొట్టె పరిచి, మాంసం పెట్టి, ఉల్లిపాయ పెట్టి, నిమ్మకాయ పిండి, చుట్టి, కొరికింది. నమిలింది. కండక్టరు ఆమె దవడ వైపే చూస్తున్నాడు. పిట్ట తన రొట్టె చేతిలో పెట్టుకుని తల్లి వైపే చూస్తోంది.

"ఉప్పూ కారం తక్కువయ్యాయి" అంది డ్రైవరమ్మ.

ఉప్పూ కారం ఎక్కడికి పోయాయో కండక్టరుకి తెలుసు. లేచి, పొయ్యి పక్కన దాచిన పులుసు గిన్నె తెచ్చి ఆమె ముందు పెట్టాడు. దిగిపోయినవాళ్ళతో వెళ్ళిపోయాయని చెప్పి, జరిగిందంతా దాచకుండా చెప్పేశాడు, గోపురం దగ్గర నుంచి బ్రేకు దాకా. మూత మీదకి వెళ్ళిన చెయ్యి సంగతి ఒక్కటే మింగేశాడు. డ్రైవరమ్మ నవ్వింది. వారం కిందటి నవ్వు కాదు. చుట్టిన రొట్టెని ఆ పులుసులో ముంచి కొరికింది. మళ్ళీ ముంచింది. ఇంకోటి చుట్టుకుంది. గిన్నె బల్ల మధ్యలోకి వచ్చింది, ముగ్గురూ ముంచుకున్నారు. రెండింతల మాంసం ఏమైందో తెలియదు, పళ్ళెం అడుగు కనబడసాగింది.

"తినేలా ఉందా అమ్మా?" అంది పిట్ట, ఉండబట్టలేక.

"తింటున్నాగా" అంది తల్లి. చెయ్యి తుడుచుకుంది. మొగుడి వైపు తిరిగింది. "బడి చూసొచ్చాను. బాగుంది. రేపు పొద్దున చెప్పాలి."

"పందెం గెలిచాను కదా. ఇంక నీ ఇష్టం" అన్నాడు కండక్టరు.

"వారం నుంచీ అదే మాట. పందెం వంట గురించి వేశాను. నేను అడిగేది వంట గురించి కాదని నీకూ తెలుసు." ఆమె గొంతు తగ్గింది. "నేను వెళితే నీ ముందు నేనుండను, నా వెనకాల నువ్వుండవు. నీకెలా ఉంటుందో ఒక్కసారైనా చెప్పవు. డ్రైవరుకి ఇష్టాలు ఉండవు. గంట ఉంటుంది, అంతే. కొట్టు."

కండక్టరు నోరు తెరిచాడు. చెప్పాలంటే రెండు మాటలు చెప్పాలి, రెండూ నిజమే, ఒకదానికొకటి పొసగవు. చివరి వాయి దించి తెచ్చిన పెనం బల్లమీదే ఉంది, దాంట్లో గరిటె ఉంది. గరిటె తీసుకున్నాడు.

ఠంగ్.

ఒకసారి. ఆపమని. ఆ తరువాత అతని చెయ్యి ఆగిపోయింది. డ్రైవరమ్మ కదల్లేదు. పిట్ట ఊపిరి బిగబట్టింది. అది నిజమే కదా, ఆపమనే ఉంది అతనికి, అది ఆమెకి ఇవాళ తెలియాలి. తెలిసింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గానీ చూపు తిప్పలేదు.

ఠంగ్.

రెండు. పోనిమ్మని. పిట్ట ఊపిరి వదిలింది. అయిపోయింది అనుకున్నారు అందరూ. కండక్టరు గరిటె దింపలేదు. పెనం వైపు ఒకసారి చూశాడు. పెళ్ళాం వైపు చూశాడు.

ఠంగ్.

సర్వీసులో ఎన్నడూ కొట్టని గంట. దారిలో ఎవరు చెయ్యి ఊపినా ఆపొద్దు. నేను ఊపినా సరే.

డ్రైవరమ్మకి ఆ గంటకి జవాబు చెప్పాల్సిన అవసరం ఇన్నేళ్ళలో ఎప్పుడూ రాలేదు. అయినా పద్ధతి మరచిపోలేదు. ఎదురుగా అద్దం లేదు, మొగుడి మొహమే ఉంది. దాన్నే చూస్తూ, ఇంట్లో ఉన్నామన్న సంగతి కూడా మరచిపోయి, డ్యూటీలో అడిగినట్టే అడిగింది.

"నిండిందండీ?"

"నిండింది" అన్నాడు కండక్టరు. "పోనీ."

అత్తగారు పెద్దగా దగ్గింది. అది సాయం కిందికి వస్తుందని పిట్ట అనలేదు. పళ్ళెంలో మిగిలిన ఆఖరి ముక్కల్ని రొట్టెలో చుట్టి, పులుసులో ముంచి, నాన్న చేతిలో పెట్టింది. వండినవాడు అప్పటిదాకా ఒక్క ముద్ద కూడా తినలేదని అప్పుడే అందరికీ తెలిసింది.